చెప్పుల గది గుమ్మం

“ఆ ఫోను ఇటివ్వండి మాస్టారూ. పంపడానికి వీల్లేదు.”

నర్సమ్మ చెయ్యి చాచి నిలబడింది. లెక్కల మాస్టారు ఫోనును చంటిపిల్లను పొదువుకున్నట్టు గుండెకు హత్తుకుని గోడదాకా వెనక్కి జరిగాడు.

కింద ముందుగదిలో ముసలాయన పోయి మూడు గంటలయింది. తెల్లవారుతుండగా పోయాడు. మేడగదిలో ఆయన అతిథులు ముగ్గురు, పరాయి దేశం నుంచి సువార్త మోసుకొచ్చిన ముగ్గురు, ఆయన బాప్తిస్మం వీడియో కోసం గుసగుసల్లో కొట్లాడుకుంటున్నారు. గుసగుసలెందుకంటే ఆ మేడకు చెక్కనేల. పైన పిన్నీసు పడ్డా కిందికి వినబడుతుంది. కింద ముసలాయన కూతురు ఒక్కతే శవం దగ్గర కూర్చుని ఉంది.

“అది కాదు పాస్టరమ్మా, మన సంఘమంతా ఎదురుచూస్తోంది. నాలుగు రోజుల కింద బాప్తిస్మం, ఇవాళ ప్రభువు పిలుపు! ఆఖరి నిమిషంలో పరిగెత్తి బస్సెక్కినట్టు లేదూ? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?”

“ఆ బస్సు కింద ఆయన్ని తోసిందెవరో కూడా రాయండి మరి.”

మాస్టారు ఫోనును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నలభై ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించిన మనిషి. రిటైరయ్యాక ఎక్కాలు పోయి ఆత్మలు వచ్చాయి. ఈ ప్రయాణంలో ఆయన నోటుపుస్తకం ప్రకారం పదిహేడు. ముసలాయన పదిహేడోవాడు.

“ఏమండీ, మీరైనా చెప్పండి.” నర్సమ్మ మొగుడి వైపు తిరిగింది.

పాస్టరుగారు మంచం పట్టె మీద కూర్చుని తన బూట్ల ముక్కులు చూసుకుంటున్నాడు. వేదికెక్కితే రెండు గంటలు మైకు వదలని మనిషికి నాలుగు రోజులుగా మాట కరువైంది.

ఆ బూట్లు నిలబడ్డాయంటే ముసలాయన చలవే. తొమ్మిది రోజుల కింద వీళ్లు పెట్టెలు లాక్కుంటూ ఈ వీధిలో దిక్కులు చూస్తుంటే, పాస్టరుగారి కుడి బూటు అడుగు ఊడి కప్పలా నోరు తెరిచింది. చెప్పుల దుకాణం ముందు కూర్చున్న ముసలాయన అది చూసి లేచాడు. చొక్కా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి, రెండు బూట్లూ విప్పించుకుని లోపలికి పట్టుకుపోయాడు. గంటలో కొత్త అడుగులు వేసి తెచ్చి, మెట్లకేసి చెయ్యి చూపాడు. పైన గది ఉంది, ఉండండి అని. భాష లేదు, బేరం లేదు.

అలాంటి ఇంటిని మాస్టారు మొదటి రోజే ‘చీకటి ఇల్లు’ అని రాసుకున్నాడు. ఎందుకంటే ముందుగది గోడకు సిలువ లేదు. తినబోయే ముందు ముసలాయన ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. దాన్ని ‘వయసు, కునుకు’ అని రాశాడు. వీళ్లు పైన పాట ఎత్తుకోగానే కింద పనిగదిలో సుత్తి టకటకా మోగేది. దాన్ని ‘ప్రార్థనకు ఆటంకం’ అని రాశాడు. దేవుణ్ణి పెట్టెలో సర్దుకుని విమానమెక్కినవాళ్లకు, ఆయన తమకంటే ముందే వచ్చి అక్కడ కూర్చుని ఉంటాడన్న అనుమానమైనా రాదు.

ముందుగదికి ఆనుకునే ఆ పనిగది. తొమ్మిది రోజుల్లో ముగ్గురిలో ఒక్కరూ దాని గుమ్మం తొక్కలేదు. “వాళ్ల పనిచోటు, మనకెందుకు,” అన్నాడు పాస్టరుగారు మొదటి రోజే. తోలు వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ అన్నాడు. అయ్యగారు పోని చోటికి మిగతా ఇద్దరూ పోలేదు.

“నేను చెప్పానా లేదా?” నర్సమ్మ గొంతు ఇంకా తగ్గించింది. “ఛాతీ మీద గొట్టం పెట్టి విని చెప్పాను. పిల్లికూతలు వినబడుతున్నాయి, చన్నీళ్లు వద్దని. మీరేమన్నారు?”

పాస్టరుగారు వంగి బూటు లేసు సవరించుకున్నాడు.

“‘ఐదు నిమిషాల పని’ అన్నారు. ఆ పిల్ల సరుకు ఇచ్చిరావడానికి పక్క ఊరెళ్లిన రోజు చూసి పెరట్లో తొట్టి నింపించారు.”

“ముసలాయన ఒప్పుకున్నాడు కదమ్మా!” మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. “నవ్వాడు, తలూపాడు. ముందు కాస్త నసిగాడనుకో. గుండె మీద చెయ్యేసుకుని పనిగది వైపు చూపించాడు, పనుంది తర్వాత చూద్దాం అన్నట్టు. ఒకసారి కాదు, మూడుసార్లు! అయ్యగారు చెయ్యి పట్టుకోగానే గొర్రెపిల్లలా వచ్చేశాడు. నీళ్లలోంచి లేస్తూ అయ్యగారికంటే ముందు తనే ‘ఆమేన్’ అన్నాడు. వీడియోలో ఉంది. అద్భుతం కాదూ?”

“ఆ సాయంత్రం వచ్చిన జ్వరం? అదీ వీడియోలో ఉందా?”

ఆ రోజు కూతురు తిరిగొచ్చి, తీగ మీద తడిబట్టలు చూసి తండ్రిని అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. ఆ పిల్ల నర్సమ్మ వైపు తిరిగి, తమ ఇద్దరికీ వచ్చిన ముక్కల ఇంగ్లీషులో, “కాలు జారి తొట్టిలో పడ్డాడట సిస్టర్, చంటిపిల్లాడు!” అని నవ్వింది. ఆ ‘సిస్టర్’ నర్సమ్మ చెవికి ఎప్పుడూ ‘అక్కా’ అనే వినబడేది. తల తిప్పి చూస్తే ముసలాయన కన్ను గీటాడు.

అతిథుల పరువు కాపాడాడు. నర్సమ్మ నోరు మూసుకుంది. నాలుగు రోజులు మాత్రలిచ్చింది, ఆవిరి పట్టింది, వీపు నిమిరింది. నిజం మాత్రం ఇవ్వలేదు.

“అక్కా!”

కింద నుంచి పిలుపు. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. దొంగలు కూడా అంత ఉలిక్కిపడరు.

*

ఆ పిల్లకు ముప్పై దాటి ఉంటాయి. ఏడవడం కూడా పనిలాగే చేస్తోంది, చేతులు ఆపకుండా.

“ఒళ్లు తుడిచాను. చొక్కా తొడగాలి. చేతులు బిగుసుకుపోయాయి, నా ఒక్కదానివల్ల కావట్లేదు. పనిగదిలో మేకుకు ఉంది మంచి చొక్కా. తెస్తావా?”

నర్సమ్మ పనిగది తలుపు తోసింది.

లోపల వాసన ఆమెను నిలబెట్టేసింది. తోలు, మైనం, జిగురు. ఒకప్పుడు తన తల నిమిరిన మామగారి చేతుల వాసన. ఆ మామగారిని ఆమె రెండేసార్లు చూసింది. ఒకసారి తన పెళ్లిలో, వెనక వరసలో, కొడుకు కూర్చోమన్న చోట ఒదిగి కూర్చున్నాడు. రెండోసారి శవపెట్టెలో. ఆయన చెప్పులు కుట్టేవాడని సంఘంలో ఎవరికీ తెలియదు. ‘నాన్నగారు వ్యాపారం చేసేవారు’ అని చెబుతాడు పాస్టరుగారు.

పొట్టి పీట. జతలు జతలుగా వేలాడే చెక్క అచ్చులు. నల్లటి మైనపు ముద్ద, తోలుకు కన్నాలు పొడిచే ఆరెలు, సుత్తి. చొక్కా తీసుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు కనబడింది.

గుమ్మం పైన, లోపలివైపు, పీట మీద కూర్చున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనబడని చోట, రెండు అడుగుతోలు ముక్కలు అడ్డం నిలువుగా మేకు కొట్టి ఉన్నాయి. సిలువ. దాని కింద చిన్న అరలో నల్ల అట్ట పుస్తకం.

నర్సమ్మ తీసి తెరిచింది. ఆ లిపిలో ఒక్క అక్షరం తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. రెండు వరుసల అచ్చు, వచనం వచనానికీ చిన్న అంకె. ఊహ తెలిసిన దగ్గర్నుంచి చంకలో పెట్టుకు తిరిగిన పుస్తకాన్ని ఏ వేషంలో ఉన్నా గుర్తుపట్టదా? పేజీల అంచులన్నీ మైనపు బొటనవేలి ముద్రలతో నల్లబడ్డాయి.

“దొరికిందా అక్కా?” ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

“మీరు... మీరు విశ్వాసులా?”

“అదేం ప్రశ్న?” ఆ పిల్ల తెల్లబోయింది. “మీరు మనవాళ్లని తెలిసే కదా నాన్న మిమ్మల్ని పైకి పంపింది! మీ పెట్టె మీద సిలువ బొమ్మ చూశాడు. మీరు పైన పాడుతుంటే కింద సుత్తితో తాళం వేసేవాడు. వినలేదా? మాటలు వేరు గాని రాగం మాదే అని ఎంత మురిసిపోయాడో.”

నర్సమ్మ ముందుగది గోడ వైపు చూసింది.

“మరి ముందుగదిలో సిలువ...”

“దుకాణానికి వచ్చేవాళ్లకు చూపించడానికా? నాన్నకది గిట్టదు. పని ఎక్కడో ప్రార్థన అక్కడే అంటాడు. అనేవాడు.” ఆ మాట దిద్దుకోవడానికి ఆ పిల్లకు కాస్త సమయం పట్టింది. పుస్తకం మొదటి అట్ట తిప్పింది. చేతిరాతలో తేదీలు. “ఇది అమ్మ పోయిన రోజు. ఇది నా బాప్తిస్మం. ఇదిగో, అన్నిటికంటే పైన, నాన్నది. యాభై ఒక్క ఏళ్లు.”

నర్సమ్మకు తొట్టి పక్కన నిలబడ్డ ముసలాయన చెయ్యి కళ్లముందు ఆడింది. గుండె మీద ఒకసారి, ఈ గది వైపు ఒకసారి. గుండె మీద, ఈ గది వైపు. పనుందని కాదు.

“ఇంకోటి చూపిస్తా.” ఆ పిల్ల అర మీంచి ఒక బూటు తీసి లోపలి అట్ట లేపింది. తోలు మీద ఆరెమొనతో గీసి, బొటనవేలితో నొక్కిన చిన్న సిలువ. “ప్రతి జతలోనూ పెడతాడు. తొడుక్కునేవాళ్లకు తెలియదు. మనిషి ఎక్కడికి పోయినా వాడి బరువు దాని మీదే పడాలట. మీ ఆయన బూట్లలోనూ ఉంటుంది, కావాలంటే చూడు.”

ఇద్దరూ కలిసి చొక్కా తొడిగారు. గుండీలు పెడుతూ ఆ పిల్ల అంది:

“మా సంఘపెద్ద రావాలంటే రెండు రోజులు. అంతవరకు ఉంచలేం. మధ్యాహ్నం మోసేవాళ్లు వస్తారు. భూస్థాపన దగ్గర మీ ఆయన చేత నాలుగు మాటలు చెప్పించక్కా. మీ భాషలోనే చెప్పనీ. నాన్నకు ఆయనంటే చాలా ఇష్టం.”

*

మెట్లెక్కడానికి నర్సమ్మకు చాలాసేపు పట్టింది. ఎక్కాక మాత్రం మొగుడితో ఒక్క ఊపులో చెప్పేసింది.

“ఆయన బాప్తిస్మానికి యాభై ఒక్క ఏళ్లు. మీ వయసు నలభై ఎనిమిది.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి, “అంటే... రెండోసారి అయితే మరి అది లెక్కలోకి...” అన్నాడు.

“పదిహేడులోంచి ఒకటి తీసేస్తే ఎంతో మీకు నేను చెప్పాలా?”

ఆయన ఫోను మంచం మీద పెట్టేసి కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత చాలాసేపు ఆయన భుజాలే కనబడ్డాయి.

“ఏమండీ, ఆ పిల్ల మిమ్మల్ని ప్రార్థన చేయమంటోంది. మీరు మనవాళ్లట. అన్నగారట.”

“చేస్తాను.”

“చెప్పి చేస్తారా, చెప్పకుండా చేస్తారా?”

 కింద కుర్చీ జరిపిన చప్పుడు.

“చెబితే ఏమొస్తుంది?” అన్నాడు పాస్టరుగారు. “పోయినాయన లేచొస్తాడా? ఆ పిల్లకు దుఃఖం మీద దుఃఖం. పెద్దాయనే దాచాడు. ఆయన మాట నిలబెడదాం.”

“ఆయన దాచింది మీ పరువు కోసం. మీరు దాచేదీ మీ పరువు కోసమే. మధ్యలో శవాన్ని అడ్డం పెట్టుకోకండి.”

“నాకెలా తెలుస్తుంది? ఎవరైనా చెప్పారా?”

“ఆ గదిలోకి ఒక్కసారి తొంగిచూస్తే తెలిసేది. ఎందుకు చూడలేదో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, నాకు తెలుసు. మీరు పారిపోయింది ఆ ముసలాయన గది నుంచి కాదు.”

“నోర్ముయ్!”

చెక్కనేల అదిరింది. కింద అలికిడి ఆగిపోయింది.  కాసేపటికి కింద మళ్లీ అలికిడి మొదలైంది.

నర్సమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. మొగుడి కుడి బూటు లేసు లాగింది. ఆయన అడ్డం చెప్పలేదు. మందుల సంచిలోంచి కత్తెర తీసి, బూటు లోపలి అట్టను మొనతో లేపి ఆయన ముఖం ముందు పట్టింది.

చిన్న సిలువ. తొమ్మిది రోజులు మనిషి బరువు మోసి గీతలు నిగనిగలాడుతున్నాయి.

పాస్టరుగారు దాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“వీటితోనే నిలబడ్డాను,” అన్నాడు. “తొట్టి పక్కన. వీటితోనే నిలబడి ఆయన్ని ముంచాను.”

నర్సమ్మ కత్తెర సంచిలో పెట్టేసింది. నాలుగు రోజులు నోరు మూసుకున్న తనకు ఇప్పుడు గొంతు చించుకునే హక్కు ఎంతుందని ఆమెకూ లోపల గుచ్చుకుంటోంది.

“మా నాన్న బొటనవేలు ఇలాగే నల్లగా ఉండేది. ఎంత తోమినా పోయేది కాదు.” ఆయన బూటుతోనే మాట్లాడుతున్నాడు. “బడిలో బహుమతి ఇస్తుంటే చూడ్డానికి వస్తానన్నాడు. ‘వస్తే చెయ్యి జేబులో పెట్టుకో’ అన్నాను. రాలేదు.”

రెండో బూటు తనే విప్పాడు. వట్టికాళ్లతో మెట్లు దిగాడు.

*

పనిగదిలో ఆ పిల్ల పీట మీద ఉంది. ఒళ్లో ఒక కొత్త బూటు. అడుగు సగం కుట్టి ఆగిపోయింది.

“ఊరందరికీ కుట్టాడు. తనకని ఒక్క జత పెట్టుకుంటే అదీ పూర్తి కాలేదు,” అంది, గుమ్మంలో ఎవరు నిలబడ్డారో చూడకుండానే. “ఇది తొడిగి పంపాలి. మందం అడుగు. నాన్న ఆరెతో పొడిస్తే నేను దారం లాగేదాన్ని. ఒక్కచేతి మీద అయ్యే పని కాదు.”

తల ఎత్తి చూసింది. “మీరా అన్నా? రండి.”

పాస్టరుగారు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. నర్సమ్మ వెనకే నిలబడి ఆయన వీపు చూస్తోంది. తొయ్యలేదు. ఆయన కాలు లేచింది, మళ్లీ దిగింది. మళ్లీ లేచింది.

లోపలికి వెళ్లి రెండో పీట మీద కూర్చున్నాడు. దారం అందుకున్నాడు. మైనపు ముద్ద మీద రెండుసార్లు లాగి, తొడ మీద అరచేత్తో దొర్లించి పురిపెట్టాడు. ముప్పై ఏళ్లుగా ముట్టని పని. చేతులకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆ పిల్ల ఆరె గాల్లోనే ఆగిపోయింది.

“మీకీ పని వచ్చా?”

“మా నాన్న పని.”

“చెప్పలేదే!”

“ఎవరికీ చెప్పలేదు.”

ఆ పిల్ల ముఖంలో, ఆ రోజు మొదటిసారి, నవ్వులాంటిది వచ్చి పోయింది. “నాన్న మొదటి రోజే అన్నాడు. ‘ఈయన బూటు విప్పే తీరు చూడు, తోలు తెలిసిన మనిషి’ అని. నేనే నమ్మలేదు. ‘పాస్టరుగారికి తోలేం తెలుసు నాన్నా’ అని ఎగతాళి చేశాను.”

ఆరె పొడుస్తోంది. దారం వస్తోంది. పొడుపుకొక లాగుడు. మధ్యలో మాటల్లేవు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు, ఒక చనిపోయినవాడి బూటు చెరోవైపు పట్టుకుని, తెలిసిన ప్రార్థన కలిసి చెప్పుకుంటున్నట్టు కుడుతున్నారు. నర్సమ్మకు కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. ఈ దృశ్యం తొమ్మిది రోజుల కింద దొరకాల్సింది. ముసలాయన బతికుండగా, మూడో మనిషిగా ఆ గోడవారన కూర్చుని చూస్తుండగా దొరకాల్సింది.

కుట్టు పూర్తయింది. ఆ పిల్ల దారం కొరికింది. లోపలి అట్ట చేతిలో పట్టుకుని ఆరెను ఆయన వైపు చాచింది.

“గుర్తు మీరు పెట్టండన్నా. ఆయనకు ఆయన పెట్టుకోలేడు కదా.”

పాస్టరుగారు ఆరె అందుకోలేదు.

“నేను పెట్టకూడదమ్మా. ముందు నువ్వొకటి వినాలి.”

“ఏంటి?”

“మీ నాన్న కాలు జారలేదు.”

ఆ పిల్లకు అర్థం కాలేదు. నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ కళ్లు దించుకుంది. దించుకున్న కళ్లు చూసి ఆ పిల్లకు అర్థమవడం మొదలైంది.

ఆయన చెప్పాడు. వేదికల మీద వాడే మాట ఒక్కటీ వాడలేదు. “నువ్వు ఊళ్లో లేవు. తొట్టి మేమే నింపాం. మా ఆవిడ వద్దంది. నేను వినలేదు. మీకు దేవుడు తెలియదనుకున్నాను. నా చేత్తో ముంచాను.” అంతే. ముక్కల ఇంగ్లీషులో ఇంతకంటే దాక్కోవడానికి చోటుండదు.

 ఆ పిల్ల బూటును ఒళ్లోకి తీసేసుకుంది, ఆయన వైపు నుంచి.

“నాన్న వద్దన్నాడా?”

“వద్దనలేదు.”

“ఏమీ అనలేదా?”

“గుండె మీద చెయ్యేసుకున్నాడు.” పాస్టరుగారు తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు.  “ఈ గది వైపు చూపించాడు. మూడుసార్లు.”

ఆ పిల్ల గుమ్మం పైనున్న తోలు సిలువను చూసింది. గుమ్మానికి అవతల ముందుగది, ముందుగదికి అవతల పెరటి తలుపు, తలుపు పక్కన తొట్టి. కూర్చున్నచోటి నుంచే అన్నీ కనబడుతున్నాయి. పట్టుమని పది అడుగులు.

వీధి తలుపు ఎవరో తట్టారు. మోసేవాళ్లు వచ్చారు.

ఎవరూ లేవలేదు.

“మూడుసార్లు చూపించాడు,” ఆ పిల్ల నెమ్మదిగా అంది. గొంతులో కోపం లేదు. కోపమైతే నర్సమ్మ తట్టుకునేదే. “మరి మీరు వచ్చి చూడలేదా, అన్నా?”

తలుపు మళ్లీ తట్టారు. తెగిన దారం కొస పాస్టరుగారి వేలికి చుట్టుకునే ఉంది.